తోలు పదును మీద ఉండగానే

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీది బెల్టునూ, దానికి తగిలించిన తుపాకీ ఒరనూ మీలో చాలామంది ఇప్పటికే చేతిలోకి తీసుకుని చూశారు. దాదాపు అందరూ పువ్వుల మీదే వేళ్ళు ఆడించారు. ఆ పువ్వులు అంత నిండుగా లేచి కనిపించడానికి కారణం కత్తి కాదు, సుత్తి కాదు, పైన పూసిన రంగు అసలే కాదు. నీళ్ళు. తోలులో ఎంత తడి ఉన్నప్పుడు ఏ పని చెయ్యాలో తెలియడమే తోలు మీద పువ్వులు చెక్కే ఈ విద్యలో సగానికి పైగా. ఈ రోజు మీకు చెప్పాలని వచ్చింది అదే.

ముందు ఈ వస్తువు ఎక్కడిదో చూద్దాం. ఇది 19వ శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో పుట్టింది. 1850లలో, కాలిఫోర్నియాలో బంగారం వేట సాగుతున్న రోజుల్లో, ఒర సన్నగా తుపాకీ ఆకారానికి అతుక్కుని ఉండేది. బెల్టు కూడా సన్ననిదే. తరువాత లోహపు తొడుగు ఉన్న తూటాలు వచ్చాయి. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరు అలాంటి తూటాలదే. తూటాలను వరుసగా గుచ్చుకోవడానికి బెల్టు మీద తోలు లూపులు వచ్చాయి, దాంతో బెల్టు వెడల్పయింది. పాత ఒర ఈ వెడల్పాటి బెల్టుకు ఎక్కదు. అప్పుడు వచ్చినదే మీ ముందున్న ఈ నమూనా, మెక్సికన్ లూప్. దీన్ని విప్పి చూపిస్తాను, చూడండి. మొత్తం ఒకే తోలు ముక్క. ఒక సగం ఒర, మరో సగం వెడల్పాటి రెక్క. రెక్కను వెనక్కి మడిచి, అందులో అడ్డంగా కోసిన చీలికల్లోంచి ఒరను దూరిస్తే అది అక్కడే బిగిసిపోతుంది. మడత లోపలి నుంచి బెల్టు వెళుతుంది. కుట్టు ఒక్క అంచునే. ఇంత తక్కువ కోతతో, ఇంత తక్కువ కుట్టుతో ఇంత గట్టిగా నిలిచే వస్తువును నేను ఈ వృత్తిలో మరొకటి చూడలేదు. సినిమాల్లో తొడ మీదికి జారి, కాలికి తాడుతో కట్టి కనిపించే ఒర వేరు. దానికి సరిహద్దు ప్రాంతపు జీవితంతో కన్నా సినిమా తెరతోనే చుట్టరికం ఎక్కువ.

దీని మీద చెక్కిన శైలి మాత్రం తరువాతిది. వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడాన్ పట్టణం పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఆ శైలికి రూపం ఇచ్చినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు డాన్ కింగ్. గుర్రపు జీనులు చేసే మనిషి. 1991లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఆయనకు జాతీయ వారసత్వ ఫెలోషిప్ ఇచ్చింది, 2007లో ఆయన కన్నుమూశారు. ఆ శైలిలో పువ్వులు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. ప్రతి పువ్వు చుట్టూ దాని కాడే వలయంలా తిరుగుతుంది. ఒక వలయం ముగిసే చోట మరొకటి అందుకుంటుంది. కాగితం మీద గీసేటప్పుడు ముందు వలయాలు గీయండి, పువ్వులు ఆ తరువాత. పువ్వుతో మొదలుపెట్టినవారి నమూనాలో కాడలు ఎప్పుడూ అతికించినట్టే ఉంటాయి.

ఇక తోలు. చెక్కడానికి చెట్ల బెరడుతో, కాయలతో శుద్ధి చేసిన తోలే పనికివస్తుంది. క్రోమియం లవణాలతో తయారైన తోలు మెత్తగా, సాగేలా ఉంటుంది. దాని మీద ఎంత కొట్టినా అచ్చు నిలవదు, తిరిగి పైకి లేస్తుంది. అమెరికాలో ఈ పని చేసేవారు సెయింట్ లూయిస్‌లో 1881 నుంచి నడుస్తున్న హెర్మన్ ఓక్ వంటి తోళ్ళ శుద్ధి కేంద్రాల నుంచి తెచ్చుకుంటారు. మనకు ఇది కొత్త విద్య అనుకోకండి. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి తోలు నానబెట్టి, ఏ రోజు తియ్యాలో వాసన చూసి, వేలితో నొక్కి చెప్పగలిగిన మాదిగ కుటుంబాలు మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. మోటకు తొండం, రైతు కాలికి చెప్పు వారి చేతి నుంచే వచ్చాయి. పొలాలకు నీళ్ళు తోడిపెట్టిన ఆ చేతులను మాత్రం ఊరు దూరంగానే పెట్టింది. మీరు ఇక్కడ డిజైన్ చదువుకుంటున్నారు కాబట్టి ఈ మాట తప్పకుండా చెప్పాలి: ఈ శాస్త్రానికి మన భాషలో మొదటి ఆచార్యులు వాళ్ళే. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపించిన యలవర్తి నాయుడమ్మ గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆయన తరువాత కాదు, ఆయనకు ముందే ఈ జ్ఞానం ఉంది.

అమెరికా పనివారు తోలు మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. ఒరకు 8 నుంచి 10 ఔన్సులు, అంటే మూడు మిల్లీమీటర్ల పైన. ముక్కను పశువు వీపు వైపు నుంచి కోసుకోండి. పొట్ట వైపు తోలు సాగుతుంది. సాగిన బెల్టు బరువు మోయదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తోలును రెండు వైపులా తడిపి, నీళ్ళు లోపలికి సమంగా దిగేలా ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచండి. ఉదయం తీస్తే ముదురు రంగులో ఉంటుంది. అప్పుడు కత్తి ముట్టుకోకూడదు. గాలికి వదిలేయాలి. పైపొర రంగు క్రమంగా వెనక్కి వస్తుంది. దాదాపు పొడి తోలు రంగుకు చేరిన ఆ దశలో ముక్కను చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతుంది. పైన ఆరింది, లోపల తడి ఉంది. విత్తనానికి నేల పదునెక్కడం రైతుకు ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలుస్తుంది, పుస్తకంలో నిమిషాలు రాసి పెట్టలేం. హైదరాబాదు మే నెల వేడికీ విశాఖ ఆగస్టు ఉక్కకూ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

తడి ఎక్కువైతే కత్తి గీసిన గాటు రెండు వైపులా ఉబ్బి మూసుకుపోతుంది, అచ్చు మెత్తని ముద్దలా కరిగిపోతుంది. తక్కువైతే కత్తి పట్టేస్తుంది, అచ్చు పాలిపోయి లోతు లేకుండా పడుతుంది. సరిగ్గా పదును మీద ఉంటే, దగ్గరికి వచ్చి చూడండి, దెబ్బ పడగానే పనిముట్టు కింద తోలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎవరూ పూసినది కాదు. నొక్కుడుకు తోలు తనంతట తాను ఇచ్చిన రంగు. ఈ పువ్వు రేకు అంచున కనిపించే నీడ అదే. ఏ సీసాలో దొరికే రంగుతోనూ ఆ నీడ రాదు.

చెక్కే కత్తిని స్వివెల్ నైఫ్ అంటారు. పైన చూపుడు వేలు ఆనుతుంది, బొటనవేలూ మధ్యవేలూ కాడను తిప్పుతాయి. తోలు మందంలో మూడో వంతుకు మించి, సగానికి లోపు గాటు పడాలి. తరువాత బెవెలర్. గాటుకు ఒక పక్కను మాత్రమే కిందికి తొక్కుతుంది, అప్పుడే రెండో పక్క లేచినట్టు కనిపిస్తుంది. తోలు నిజంగా ఎక్కడా పైకి లేవలేదు, చుట్టూ ఉన్నది దిగింది, అంతే. దెబ్బకూ దెబ్బకూ మధ్య పనిముట్టును ఎత్తకుండా జరుపుతూ పోతే మెట్లు పడవు. రేకుల లోపల నీడ తెచ్చే షేడర్, ఆకులకు ఈనెలు వేసే పనిముట్టు, పువ్వు నడుమ గింజలు, చివరగా వెనకభాగాన్ని చుక్కలతో అణచడం. కింద గట్టి ఆధారం ఉండాలి. చీమకుర్తిలో మిగిలిపోయిన గ్రానైటు ముక్క ఒకటి చాలు. ఒక హెచ్చరిక: కొట్టిన కొద్దీ తోలు సాగుతుంది. మొదలుపెట్టే ముందు వెనకవైపు టేపు అంటించండి. బెల్టుకు రంధ్రాలు చెక్కడం పూర్తయ్యాకే వేయండి.

తడి తోలు ఉన్న బల్ల మీద ఇనుప రజను ఉండకూడదు. బెరడు, కాయల నుంచి తోలులోకి దిగిన వగరు పదార్థం, టానిన్, ఇనుముతో కలిస్తే సిరా నలుపు పుడుతుంది, ఆ మచ్చను వదిలించడం చాలా కష్టం. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లంతో పులియబెట్టిన కసిమితో గీస్తే నల్లగీత పడుతుంది కదా, అక్కడా ఇక్కడా రసాయనం ఒకటే. ఇనుమును వెనిగర్‌లో నానబెట్టి తోలును కావాలనే నల్లగా మార్చే పద్ధతి అమెరికా పనివారిలో ఉంది. ఆ నలుపు పైపూత కాదు కాబట్టి చేతికి అంటదు. కలంకారీ తెలిసిన మన పిల్లలు ఎవరైనా దీన్ని చేపట్టాలని నాకు గట్టి కోరిక.

కుట్టు సంగతి త్వరగా చెబుతాను. తేనెమైనం పట్టించిన లినెన్ దారం ఒకటి, రెండు కొసలకు రెండు సూదులు. ఆరెతో రంధ్రం చేసి రెండు సూదులనూ అదే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చాలి. ఒక చోట దారం తెగినా రెండో వైపుది పట్టి ఉంచుతుంది. మిషను కుట్టుకు ఈ గుణం లేదు. కుట్టే అంచున రెండు పొరల మధ్య సన్నని తోలు పట్టీ పెట్టండి. తుపాకీ లోహం దారాన్ని కోయకుండా అది కాపాడుతుంది.

కుట్టాక ఒర మళ్ళీ తడి అడుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి, లోపల అదే కొలతల ప్లాస్టిక్ నమూనా పెట్టి చేత్తో ఆకారం తేవాలి. నిజమైన తుపాకీ ఈ పనికి అవసరం లేదు, ఇక్కడ ఎవరూ ఆ ఆలోచనే చేయవద్దు. చెక్కిన చోట అరచేతితో అదమండి, ఎముక పుల్లతో రుద్దితే పువ్వులు చదునైపోతాయి. నీళ్ళు కాగి ఉండకూడదు. బాగా వేడి నీళ్ళకు తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది, మళ్ళీ దారికి రాదు. ఆరబెట్టడం నీడలోనే. హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందరపెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. రోజుల తరబడి పెట్టిన శ్రమను పది నిమిషాల కోసం పణంగా పెట్టడం అది.

పూర్తిగా ఆరిన తరువాతే నూనె. పశువుల కాలి ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె పలుచగా పట్టించి ఒక రోజు వదిలేయండి. ఎక్కువైతే ఒర మూతి మెత్తబడుతుంది. మెత్తబడిన ఒర ప్రమాదం, ఎందుకంటే ట్రిగ్గరును కప్పి ఉంచడమే దాని మొదటి బాధ్యత. తరువాత రంగు పట్టని పూత ఒకటి, అది ఆరాక యాంటిక్ పేస్టు అనే ముదురు రంగు ముద్ద. గుంటల్లో నింపి పైన తుడిచేస్తే లోతుల్లో మాత్రమే నిలుస్తుంది. నా అభిప్రాయంలో ఇక్కడ చెయ్యి ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. సరైన పదును మీద చెక్కిన పనికి పేస్టు అవసరం తక్కువ. పేస్టు దట్టంగా కనిపిస్తే, కింద అచ్చులు సరిగా పడలేదేమోనని నాకు అనుమానం వస్తుంది.

అంచులకు కూడా నీళ్ళే. అంచు మొన తీసి, గరుకు కాగితంతో రుద్ది, కొద్దిగా తడిపి ట్రాగకాంత్ అనే మొక్క జిగురు రాసి చెక్కతో వేగంగా రుద్దితే గాజులా మెరుస్తుంది. చివరగా తేనెమైనం.

బెల్టు కొలత గురించి ఒక్క మాట. ప్యాంటు కొలత అడగవద్దు. బకిల్ మడత నుంచి మధ్య రంధ్రం దాకా కొలవండి. అంగుళం ఎడంతో ఐదు లేదా ఏడు రంధ్రాలు వేస్తే మధ్యది ఒకటి ఉంటుంది. ఇచ్చేటప్పుడు కొన్నవారికి చెప్పండి: ఒరలో తుపాకీని నిలవ ఉంచకూడదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని లోహానికి అందిస్తుంది, తుప్పు పడుతుంది. లూపుల్లో వదిలేసిన ఇత్తడి తూటాలకు పచ్చని చిలుము పడుతుంది.

ఇప్పుడు నిన్న రాత్రి తడిపి ఉంచిన ముక్కలు పంచుతున్నాను. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దశలో ఉంటాయి. ముందు చెంపకు ఆనించి, చల్లగా ఉన్నదీ లేనిదీ పక్కవారితో పోల్చి చూసుకోండి. పదును మీద ఉన్నదని ఇద్దరూ ఒప్పుకున్న ముక్క మీదే కత్తి పెడదాం.