ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందా? డ్రైవర్ జోలికి వెళ్లకండి, ముందు ఈ నంబరు చూడండి

[స్క్రీన్ మీద: ప్రింటర్ లైటు వెలుగుతోంది, కంప్యూటర్‌లో మాత్రం "ఆఫ్‌లైన్"]

నమస్కారం. ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, కాగితం ఉంది, ఇంకు ఉంది. ప్రింట్ కొడితే మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది. ఇలాంటప్పుడు చాలామంది డ్రైవర్‌ని, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, తీసేసి మళ్లీ వేస్తారు. అది ఆఖర్న చేసే పని.

వైఫై ప్రింటర్‌కి రూటర్ ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు, ఇస్తుంది. మామూలుగా అది అద్దె ఇల్లు లాంటిదే. రూటర్ రీస్టార్ట్ అయితే ప్రింటర్ వేరే ఇంటికి మారిపోవచ్చు. కంప్యూటరేమో పాత తలుపే కొడుతూ కూర్చుంటుంది.

[క్లోజప్: ప్రింటర్ తెర మీద నెట్‌వర్క్ మెనూ]

ఇదిగో, ప్రింటర్‌లో 192.168.1.14 అని ఉంది. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ చూస్తే 192.168.1.9. దొరికాడు దొంగ! కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి కొత్త నంబరు వేయండి. అక్కడ నంబరు లేకుండా డబ్ల్యూఎస్‌డీ (విండోస్ తనే పెట్టుకునే పోర్ట్) అని ఉంటే, యాడ్ పోర్ట్‌లో స్టాండర్డ్ టీసీపీ ఐపీ ఎంచుకుని ఈ నంబరే ఇవ్వండి. ఆ తర్వాత రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్‌కి ఆ అడ్రస్ రిజర్వ్ చేసేయండి. దీనికి బద్ధకిస్తే మళ్లీ ఇదే వీడియో చూడాల్సి వస్తుంది, నాకేం అభ్యంతరం లేదు.

ప్రింటర్‌లో నంబరు 169.254తో మొదలైందా? రూటర్ నుంచి దానికి అడ్రసే అందలేదన్నమాట. రెండూ ఆఫ్ చేసి, రూటర్ పూర్తిగా లేచాకే ప్రింటర్ ఆన్ చేయండి. అసలు వైఫైకే ఎక్కకపోతే, పాస్‌వర్డ్ ఈమధ్య మార్చారేమో గుర్తు చేసుకోండి. ఇంట్లో వాడే ప్రింటర్లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప 5 కనిపించదు, అదీ చూసుకోండి.

నేనొకసారి గంటసేపు డ్రైవర్లతో కుస్తీ పట్టాను. తీరా చూస్తే నా ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో, అంటే ఇంటికొచ్చినవాళ్ల కోసం విడిగా పెట్టే వైఫైలో ఉంది! గెస్ట్‌లో ఉన్నవాళ్లకి ఇంట్లోని మిగతా పరికరాలు సాధారణంగా కనిపించవు. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఒక్కోసారి ఇదే తంతు.

యూఎస్‌బీ అయితే హబ్ పక్కనపెట్టి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చి చూడండి.

[స్క్రీన్ మీద: సర్వీసెస్ విండో, ప్రింట్ స్పూలర్]

అడ్రస్ సరిపోయినా ప్రింట్ రాలేదంటే క్యూలో ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని, అంటే ప్రింట్ పనుల్ని వరుసలో పెట్టే ప్రోగ్రామ్‌ని, స్టాప్ చేయండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి లోపలి ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డర్‌ని కాదు. మళ్లీ స్టార్ట్ కొట్టండి. అందరూ వాడే కంప్యూటరైతే ముందు పక్కవాళ్లని ఒకమాట అడగండి, క్యూలో ఉన్న వాళ్ల కాగితాలు కూడా పోతాయి.

[ప్రింటర్ నుంచి టెస్ట్ పేజీ బయటికొస్తుంది]