పెద్దవాళ్లకు స్పెల్లింగ్ పట్టుబడుతుందా?

(నల్లగొండలోని స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సాయంత్రం పూట పెద్దవాళ్లకు తరగతులు నడిపే రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పే లెక్చరర్, మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు చూసే గుమాస్తా.)

వ్యాఖ్యాత: నమస్కారం. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పిల్లల నోటు పుస్తకం ముందు కూర్చున్న తల్లిదండ్రులకు కొత్త చిక్కు వచ్చిపడింది. వింటే అర్థమవుతుంది, నాలుగు మాటలు మాట్లాడతాం, రాయమంటే మాత్రం చెయ్యి ఆడదు అంటున్నారు. గుమాస్తా గారూ, మీకు ఎక్కడ ఆగుతుంది?

గుమాస్తా: లారీ కాగితాల దగ్గరండీ. వెయిట్, ఫ్రెయిట్, రిసీట్. రోజూ రాసే మాటలే. అయినా వెయిట్‌లో జీ, హెచ్ ఎందుకున్నాయో, రిసీట్‌లో పీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. బడిలో బట్టీ పట్టమన్నారు, పట్టాం. పదో తరగతి గట్టెక్కగానే అదీ పోయింది.

లెక్చరర్: ఆ జీ, హెచ్ ఒకప్పుడు నోట్లో పలికినవే. గొంతులోంచి ఖ్ లాంటి శబ్దం వచ్చేది. జర్మన్ వాళ్లు రాత్రిని ఇప్పటికీ నాఖ్ట్ అంటారు. ఇంగ్లిష్ నైట్‌లో శబ్దం పోయి అక్షరాలు మిగిలాయి. విలియం కాక్స్‌టన్ అనే ఆయన 1476లో లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు. దీర్ఘాచ్చుల పలుకుబడి మారిపోతున్న కాలం అది. పుస్తకాల్లో పాత పలుకుబడి నిలిచిపోయింది, జనం నోరు ముందుకు సాగిపోయింది. రిసీట్ సంగతి వేరు. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు దానికి పీ లేదు. మూలమైన లాటిన్ మాటలో ఉంది కదా అని చదువుకున్నవాళ్లు తర్వాత చేర్చారు. డెట్‌లో, అంటే అప్పు అనే మాటలో, బీ కూడా అలా వచ్చిందే. అయితే రిసీట్‌కు చుట్టమైన డిసీట్‌కు, అంటే మోసానికి, పీ తగిలించలేదు.

గుమాస్తా: మోసానికే మినహాయింపు ఇచ్చారన్నమాట. (నవ్వులు)

టీచర్: కథ బాగుంది సార్. కానీ మా తరగతికి వచ్చేవాళ్లు దుకాణం కట్టేసి, పొయ్యి ఆర్పేసి వస్తారు. వాళ్లకు 1476తో పని లేదు, రేపు పొద్దున రాయాల్సిన కాగితంతో పని. ఈయన మాటలే తీసుకుందాం. వెయిట్, ఫ్రెయిట్, ఎయిట్, నేబర్. నాలుగింటిలోనూ ఈ, ఐ, జీ, హెచ్ జట్టుగా వచ్చి ఒకే శబ్దం ఇస్తున్నాయి. ఏ అక్షరం ఏం చేస్తోందని విడదీసి అడగకూడదు. ఒక పేజీలో నాలుగు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసుకోండి. హైట్ మాత్రం అదే వేషంతో వచ్చి వేరే శబ్దం పలుకుతుంది. దాన్ని పక్కన పెట్టి చుట్టూ గీత గీయండి.

లెక్చరర్: ఆ గీత ఎందుకు గీశామో తెలిస్తేనే పెద్దవాళ్లకు గుర్తుంటుంది మేడమ్. పిల్లలు చెప్పింది వింటారు. ముప్పై ఏళ్లు దాటినవాడికి కారణం కావాలి.

టీచర్: కారణం కాదు సార్, లాభం కావాలి.

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. కొంత భాగం వినపడలేదు.)

వ్యాఖ్యాత: లాభం ఉన్న సూత్రం ఒకటి చెప్పండి మేడమ్.

టీచర్: మన జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా వినపడే మాటలతో చెబుతాను. కలెక్టర్, కండక్టర్, ట్రాక్టర్, కాంట్రాక్టర్, ఇన్‌స్పెక్టర్, డాక్టర్. చివర ఈ-ఆర్ రాయాలా, ఓ-ఆర్ రాయాలా? చెవికి రెండూ ఒకటే. కానీ అన్నింటిలోనూ ఆ ముక్కకు ముందు సీ, టీ జంట ఉంది చూడండి. ఆ జంట తర్వాత ఓ-ఆర్ రాస్తే దాదాపు ఎప్పుడూ తప్పు పోదు. క్యారెక్టర్ లాంటి అరుదైన మాటలు మాత్రం ఈ-ఆర్ పెట్టుకుంటాయి. అలాగే ఆపరేట్ చేసేవాడు ఆపరేటర్, కరెంటు జనరేట్ చేసేది జనరేటర్. అవీ సాధారణంగా ఓ-ఆర్. డ్రైవర్, ఫార్మర్, టీచర్, హెల్పర్ లాంటి రోజువారీ పనుల మాటలకు ఈ-ఆర్. ఈ ఒక్క సూత్రంతో మిల్లులో సగం బోర్డులు రాయవచ్చు.

గుమాస్తా: మా మిల్లులో ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్ ఉంది.

టీచర్: ఎలివేట్ నుంచి వచ్చింది. ఓ-ఆర్.

లెక్చరర్: ఇక్కడ మనకు కలిసొచ్చేది ఒకటుంది. లండన్ వైపు వాళ్లు డాక్టర్ అన్నప్పుడు చివరి ర పలకరు. మనం నొక్కి పలుకుతాం. అందుకే మనవాళ్లు డాక్టర్ అని రాసేటప్పుడు ఆర్ వదిలేయడం చాలా అరుదు. మన యాసను ఊరికే తిట్టుకుంటాం కానీ ఈ విషయంలో అది మేలే చేస్తోంది.

గుమాస్తా: నాకో అనుమానం. మాట చివర ఇంగ్లిష్ అక్షరం ఈ వస్తే ముందున్న అచ్చు సాగుతుందని చిన్నప్పుడు చెప్పారు. హాప్ చివర ఈ చేరిస్తే హోప్. బాగుంది. మరి గివ్ చివర కూడా ఈ ఉంది, గైవ్ అనరేం? హ్యావ్ చివర ఉంది, హేవ్ అనరేం?

టీచర్: మా తరగతిలో ఎక్కువ మంది అడిగేది ఇదే. అచ్చమైన ఇంగ్లిష్ మాట వీ అక్షరంతో ముగియదు. అందుకని అక్కడ ఈ కాపలాకు నిలబడుతుంది, అచ్చును సాగదీయడానికి కాదు.

లెక్చరర్: ఒకప్పుడు యూ, వీ రెండూ ఒకే అక్షరానికి రెండు రూపాలు. చివర ఈ లేకపోతే అది వీనో యూనో తెలిసేది కాదు. మేడమ్ గారు ఒప్పుకోకపోయినా, మళ్లీ కథ దగ్గరికే వచ్చాం.

టీచర్: ఒప్పుకున్నాను సార్, పొట్టిగా చెప్పారు కాబట్టి. చివరి ఈ మరో పని కూడా చేస్తుంది గుమాస్తా గారూ. మీ బియ్యమే చూడండి, రైస్. చివరనున్న ఈ ముందున్న ఐని సాగదీస్తోంది, సీని కూడా స అనిపిస్తోంది. ఈ, ఐ, వై, వీటిలో ఏదైనా వెనక ఉంటే సీ స అవుతుంది: సిటీ, సైకిల్, సెంట్. ఏ, ఓ, యూ ఉంటే క అవుతుంది: క్యాట్, కాట్, కట్. దీనికి మినహాయింపులు తక్కువ.

వ్యాఖ్యాత: నాగర్‌కర్నూల్ నుంచి మహిళా సంఘం లెక్కలు రాసే అక్క ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి అక్కా.

ఫోన్‌లో: నమస్తే సార్. నాకు వీ, డబ్ల్యూ తేడా తెలియదు. వెరీకి ఏది, వర్క్‌కు ఏది అని ప్రతిసారీ మా అమ్మాయిని అడగాల్సి వస్తోంది.

లెక్చరర్: మన వ ఒక్కటే అక్కా, వాళ్లకు అది రెండు. పై పళ్లు కింది పెదవికి తగిలితే వీ. పెదవులు గుండ్రంగా చుడితే డబ్ల్యూ. అద్దం ముందు నిలబడి వెరీ, వర్క్ ఒకదాని తర్వాత ఒకటి అనండి. నోరు అలవాటు పడితే చెయ్యీ అలవాటు పడుతుంది. అయితే మన ఊళ్ల పేర్లను చూసి నేర్చుకోవద్దు. వనపర్తికి డబ్ల్యూ, వికారాబాద్‌కు వీ. విజయవాడలో ముందు వీ, తర్వాత డబ్ల్యూ. మన నోట్లో అన్నీ ఒకటే వ.

టీచర్: పేర్లలో ఇంకో మెలిక ఉంది. త పలకడానికి మనం టీ పక్కన హెచ్ పెడతాం. లత, గీత అలాగే రాస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లిష్ మాటల్లోనూ హెచ్ చేరుస్తారు. పేర్లకు ఒక నోటు పుస్తకం, మాటలకు ఒకటి పెట్టుకోండి అక్కా. సంఘం పుస్తకంలో మీరు రోజూ రాసే మాటలతో మొదలుపెట్టండి. బ్యాలెన్స్, ఇంట్రెస్ట్, అమౌంట్, సిగ్నేచర్. సిగ్నేచర్‌లో జీ పలుకుతుంది కదా? అందుకే సైన్‌లో పలకకపోయినా జీ ఉంది. రెండూ ఒకే ఇంటివి.

ఫోన్‌లో: అది బాగుంది మేడమ్.

గుమాస్తా: చివరగా ఒకటి. అమెరికాలో ఉన్న మా అల్లుడు కలర్ అని పంపితే అందులో యూ ఉండదు. నేను యూ పెడితే నా ఫోను కింద ఎర్ర గీత గీస్తుంది. ఎవరిది తప్పు?

లెక్చరర్: ఎవరిదీ కాదు. నోవా వెబ్‌స్టర్ అనే అమెరికన్ 1828లో పెద్ద నిఘంటువు అచ్చు వేశాడు. కలర్‌లో యూ తీసేసిన రూపమే అందులో ఇచ్చాడు. సెంటర్ చివర మనం ఆర్-ఈ రాస్తే వాళ్లు ఈ-ఆర్ రాస్తారు. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ పద్ధతి. మీ ఫోనులో భాష అమెరికన్ ఇంగ్లిష్ అని పెట్టి ఉంటుంది. సెట్టింగుల్లో ఇండియా ఇంగ్లిష్ ఎంచుకోండి, గీత పోతుంది.

గుమాస్తా: అల్లుడికి ఏమని చెప్పను?

టీచర్: ఆయన ఆఫీసులో యూ లేకుండానే రాయనివ్వండి. మీ లారీ కాగితం మీద మాత్రం యూ ఉంచండి.