ఆకు ముద్ర దుపట్టా: రంగు నిలవాలి, లెక్క తేలాలి

[తెర: తెల్లటి నూలు బట్ట మీద టేకాకు ముద్ర. ఈనెలు విడివిడిగా కనిపించేంత దగ్గరగా.]

ఇది బ్లాకుతో అద్దిన డిజైను కాదు. లేత టేకాకుని మంగళగిరి నూలు బట్ట మీద పరిచి, గట్టిగా చుట్టి, ఆవిరి పెడితే ఆకులో ఉన్న రంగే బట్టకి దిగింది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉండే ఆడవాళ్ళకి ఈ పని బాగా కుదురుతుంది. బట్ట మంగళగిరిలో గుంట మగ్గాల మీద నేస్తారు. కరక్కాయ, పటిక మూలికల కొట్లో దొరుకుతాయి. ఆకులు మన వీధిలోనే ఉన్నాయి.

మొదటి దుపట్టా ఎవరు చేసినా అందంగానే వస్తుంది. నాలుగో ఉతుక్కి ఆకు మాయమవుతుంది, కొన్నావిడ మళ్ళీ రాదు. అందుకే ఈ వీడియోలో ఆకులు పరవడం గురించి తక్కువ, అంతకుముందు బట్టకి చేయాల్సిన పని గురించి ఎక్కువ చెప్తున్నాం.

[తెర: చిన్న డిజిటల్ కాటా మీద మడిచిన దుపట్టా.]

ముందు ఒక గ్రాము వరకూ చూపించే కాటా కొనండి. ఇక్కడ ప్రతి కొలతా పొడి బట్ట బరువుని బట్టే ఉంటుంది. చెంచాలతో కొలిస్తే ఈ వారం వచ్చిన రంగు వచ్చే వారం రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు. ఈ వీడియోలో బట్ట బరువు 200 గ్రాములు అనుకుని చెప్తాం. మీ బట్టని తూచి ఆ లెక్కన మార్చుకోండి.

బట్ట కొనేటప్పుడు జరీ లేని అంచు అడగండి. సోడా నీళ్ళలో ఉడికించినా, ఇనుము తగిలినా జరీ నల్లబడుతుంది. మంగళగిరి చీరలకి, బట్టలకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు అక్కడి నేతకే చెందుతుంది. పవర్‌లూమ్ బట్ట మీద ముద్ర వేసి మంగళగిరి అని అమ్మకూడదు. నేతగాళ్ళ దగ్గరో సొసైటీలోనో కొని, బిల్లు దాచుకోండి.

[తెర: ఉడుకుతున్న గిన్నె. నీళ్ళు లేత గోధుమ రంగుకి తిరుగుతుంటాయి.]

మగ్గం మీద పడుగు తెగకుండా నూలుకి గంజి పెడతారు. ఆ గంజి ఉన్నంతసేపూ రంగు దాని మీదే ఆగిపోతుంది, ఉతికితే దానితోనే పోతుంది. రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టి, పొద్దున పిండేయండి. తర్వాత 6 లీటర్ల నీళ్ళలో 4 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బు పొడి వేసి గంటసేపు ఉడికించండి. నీళ్ళు టీ రంగుకి వస్తాయి. చూసి కంగారు పడకండి, పోవాల్సిందే పోతోంది.

గంజి పోయిందో లేదో ఇలా చూడండి.

[తెర: బట్ట మూల మీద ఒక చుక్క టించర్ అయోడిన్.]

మూల మీద టించర్ అయోడిన్ ఒక్క చుక్క వేయండి. గోధుమ రంగులోనే ఉంటే గంజి లేదు. ముదురు నీలానికి తిరిగిందంటే ఇంకా ఉంది, మళ్ళీ ఉడికించాలి. ఈ ఒక్క చుక్క మీ సరుకుని కాపాడుతుంది. దీన్ని మాత్రం ఎప్పుడూ మానకండి.

[తెర: కరక్కాయ పొడి, పటిక, అన్నభేది. మూడు గిన్నెల్లో.]

పట్టు, ఉన్ని అయితే పటికని సులువుగా పట్టుకుంటాయి. నూలు పట్టుకోదు. దానికి ముందు ఒగరు, అంటే కరక్కాయ లాంటి వాటిలో ఉండే టానిన్, కావాలి. పెడన కలంకారీలో బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచేది కూడా ఇందుకే. గింజ తీసి దంచిన కరక్కాయ పొడి 40 గ్రాములు వేడి నీళ్ళలో కలిపి, వడకట్టి, బట్ట మునిగేలా నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. వడకట్టకపోతే పొడి రేణువులు అంటిన చోటల్లా మచ్చలు పడతాయి. పొద్దున జాడించకుండా పిండి ఆరేయండి. లేత పసుపు రంగులో ఉండాలి.

ఆరాక పటిక. 30 గ్రాముల పటికని వేడి నీళ్ళలో కరిగించండి. వేరే గ్లాసులో 4 గ్రాముల బట్టల సోడా కరిగించి, పటిక నీళ్ళలో కొంచెం కొంచెంగా పోయండి. పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి. బట్టని అందులో రాత్రంతా ఉంచి, పిండి, ఒక్కసారి జాడించండి. పటిక బట్టకీ రంగుకీ మధ్య బంధం వేస్తుంది.

మూడోది అన్నభేది, అంటే ఇనుము లవణం. ఇది ఒగరున్న ఆకుని నల్లటి, బూడిద రంగు ముద్రగా మారుస్తుంది. లీటరు నీళ్ళకి 2 గ్రాములు చాలు. ఎక్కువ వేస్తే ముద్ర నల్లగా బాగుంటుంది, కానీ ఇనుము నూలుని తినేస్తుంది. కొన్ని నెలలకి సరిగ్గా ఆకు ఉన్న చోటే బట్ట చిరుగుతుంది. అన్నభేది పిల్లల కడుపులోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. డబ్బాకి పేరు రాసి, తాళం వేసిన చోట పెట్టండి. ఈ పనికి వాడిన గిన్నెల్లో మళ్ళీ వంట చేయకూడదు, ఎంత తోమినా సరే.

[తెర: వేళ్ళ మధ్య నలుపుతున్న లేత టేకాకు. వేళ్ళకి ఎర్రగా అంటుతుంది.]

ఇప్పుడు ఆకులు. టేకు చివుర్ని నలిపితే వేళ్ళకి ఇలా ఎర్రగా అంటాలి. ముదురాకులో ఇంత రంగు రాదు. మన దగ్గర ఎండాకాలానికి టేకు ఆకు రాల్చేసి, వానలు పడ్డాక చిగురిస్తుంది. అందుకని టేకు ముద్ర సరుకు వానాకాలంలోనే చేసి పెట్టుకోండి. జామ, ఆముదం, జామాయిల్, గులాబీ ఆకులకి ఒగరు ఉంటుంది. వీటిని పావుగంట అన్నభేది నీళ్ళలో ఉంచి, గుడ్డతో ఒత్తి తుడిచి పరవండి. టేకుకి అన్నభేది వద్దు, ఎరుపు మసకబారుతుంది. కార్తీక మాసంలో మిగిలిపోయే బంతిపూల రేకుల్ని నీడలో ఎండబెట్టి దాచుకుంటే పసుపు రంగుకి పనికొస్తాయి. ఉల్లిపొట్టు ఏ హోటల్ వెనక అడిగినా ఇస్తారు.

పసుపు వాడొచ్చు కదా, పక్కనే దుగ్గిరాల ఉంది అంటారు. వద్దు. పసుపు ఎండకి వెలిసిపోతుంది. పైగా పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, బట్టల సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. బీట్‌రూట్, మందారం కూడా అంతే, చూడ్డానికి రంగు, నిలవడానికి కాదు.

[తెర: తడి బట్ట మీద ఆకులు పరిచి, స్టీలు పైపుకి చుట్టడం.]

బట్ట తడిగా ఉండాలి, నీళ్ళు కారకూడదు. ఆకు ఈనెలు పైకి తేలిన వైపు బట్టకి ఆనాలి. పైన ఇంకో పాత నూలు గుడ్డ పరిచి, స్టీలు పైపుకి బిగించి చుట్టి, నూలు తాడుతో పక్కపక్కనే చుట్లు వేయండి. వేలితో నొక్కితే లొంగకూడదు. ముద్ర అంచులు అలుక్కుపోయాయంటే తొంభై పాళ్ళు చుట్టు వదులైనట్టే. ప్లాస్టిక్ పైపు ఆవిరికి వంగుతుంది.

2 గంటలు ఆవిరి పెట్టండి. మూత కింద తువ్వాలు కట్టకపోతే ఆవిరి నీళ్ళు చుక్కలుగా పడి మచ్చలవుతాయి. మధ్యలో అడుగున నీళ్ళు చూసుకోండి. మే నెల విజయవాడలో ఈ పని తెల్లవారుజామునే. దించాక వెంటనే విప్పకండి, రాత్రంతా చల్లారనివ్వండి. విప్పాక నీడలో ఆరబెట్టి, వారం ఆగి, అప్పుడు మైల్డ్ సబ్బుతో ఉతకండి.

బోరు నీళ్ళలో ఇనుము ఉంటే రంగులన్నీ మాసినట్టు వస్తాయి. ఏ నీళ్ళు వాడారో నోటుబుక్కులో రాయండి. తేదీ, బట్ట బరువు, ఆకు, గంటలు కూడా రాసి, పక్కనే చిన్న గుడ్డముక్క కుట్టండి.

[తెర: సగం అట్ట కప్పి ఎండలో పెట్టిన గుడ్డముక్క.]

అమ్మే ముందు ప్రతి బ్యాచ్ నుంచి ఒక ముక్క ఇలా 7 రోజులు ఎండలో పెట్టండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ బ్యాచ్ ఆపండి. ఇంకో ముక్కని 5 సార్లు ఉతకండి. తెల్ల గుడ్డతో పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి రుద్దండి. నిమ్మరసం చుక్క వేసి చూడండి. ఇనుముతో వచ్చిన ముద్ర ఆ చుక్క దగ్గర తెల్లబడుతుంది. దీన్ని ఆపలేం, అందుకే దుపట్టాతో పెట్టే కార్డు మీద రాయాలి: నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే నీళ్ళతో కడగండి, నీడలో ఆరేయండి. అదే కార్డు మీద కెమికల్ ఫ్రీ అని మాత్రం రాయకండి. పటిక, అన్నభేది రెండూ రసాయనాలే. ఆకు ముద్ర, నూలు బట్ట, పటికతో రంగు పట్టించింది అని రాస్తే నిజమూ చెప్పినట్టు, కొనేవాళ్ళకి అర్థమూ అయినట్టు. పటిక నీళ్ళు, అన్నభేది నీళ్ళు ఒక్కసారికే పారబోయకండి. తగ్గినంత కలుపుకుంటూ మళ్ళీ వాడండి. కాలవలో మాత్రం కలపకండి.

[తెర: నోటుబుక్కులో చేత్తో రాసిన లెక్క.]

ధర దగ్గర ఎక్కువమంది తమ చాకిరీని లెక్కలోకి రానివ్వరు. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ధరలు వేసుకోండి. బట్ట 600, కరక్కాయ, పటిక లాంటివి 40, గ్యాస్ 60, ప్యాకింగ్ 40. మీ పని 4 గంటలు, గంటకి 80 చొప్పున 320. మొత్తం 1,060 రూపాయలు. పదింటిలో రెండు పాడవుతాయి అనుకుంటే 10,600 ఖర్చుని మిగిలిన 8 మోయాలి, అంటే ఒక్కోటి 1,325. దాని మీద 20 శాతం లాభం కలిపితే 1,590. కొట్టువాళ్ళు 35 శాతం తీసుకుంటే, మీ చేతికి 1,590 రావాలంటే రేటు 2,450 పెట్టాలి. ఇంటి దగ్గర కొన్నా అదే రేటు చెప్పండి. తగ్గించి ఇస్తే కొట్టువాళ్ళు మీ సరుకు పెట్టుకోవడం మానేస్తారు. పాడైన రెండూ చింపి పర్సులు, పుస్తకాల అట్టలు కుట్టించండి.

చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ పోర్టల్‌లో రుసుము లేదు, ఆధార్, పాన్‌తో అయిపోతుంది. డబ్బులు అడిగితే అది వేరే సైటు. మీ పేరు మీదే చేయించండి, బ్యాంకు ఖాతా కూడా. ఇంటాయన పేరు మీద ఉంటే కాగితం మీద అది మహిళ నడిపే సంస్థ కాదు. ప్రధానమంత్రి ముద్ర అనే అప్పుల పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకూ తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు. డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటేవరకూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం బయటికి అమ్మేముందు మాత్రం ఆడిటర్‌ని అడగండి.

[తెర: రెండు ప్రతుల డెలివరీ చీటీ.]

బీసెంట్ రోడ్డులోనో గవర్నర్‌పేటలోనో బొటిక్‌లో సరుకు పెడితే, చాలాచోట్ల అమ్ముడయ్యాకే డబ్బు ఇస్తామంటారు. ఒప్పుకోండి, కానీ చీటీ లేకుండా ఒక్క దుపట్టా కూడా వదలకండి. ఎన్ని, ఏ రేటు, ఏ తేదీ, ఎన్నాళ్ళలో డబ్బు, అమ్మనివి ఎప్పుడు వెనక్కి. గాజు తలుపు పక్కన ఎండలో వేలాడదీయకూడదని కూడా అందులోనే రాయండి. రెండు ప్రతుల మీదా సంతకం తీసుకుని, ఒకటి ఇంటికి తెచ్చుకోండి. మొదటిసారి 5 దుపట్టాలు మించి ఇవ్వకండి, వాటి డబ్బు చేతికి వచ్చాకే ఆరోది.