జవాబు రాబట్టే తీరు: బ్రిటన్, అమెరికా

బ్రిటిష్ జర్నలిస్టులు దబాయిస్తారు, అమెరికా వాళ్లు మర్యాదగా అడుగుతారు అని చాలామంది అనుకుంటారు. కాసేపు గొంతు సంగతి పక్కన పెట్టి, ప్రశ్న ఎలా కట్టారో చూడండి.

1997 మే 13, బీబీసీ వార్తా చర్చల కార్యక్రమం న్యూస్‌నైట్. యాంకర్ జెరెమీ పాక్స్‌మన్ ఎదుట ఉన్నది మైఖేల్ హోవర్డ్, ఆ నెల మొదటి దాకా బ్రిటన్ హోంమంత్రి. పార్క్‌హర్స్ట్ జైలు గవర్నర్ (అంటే జైలు అధికారి) విషయంలో అప్పటి జైళ్ల శాఖ అధిపతి డెరెక్ లూయిస్ నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా? ఇదీ ప్రశ్న. ‘ఆయన్ను ఆదేశించే అధికారం నాకు లేదు, ఆదేశించలేదు’ అంటారు హోవర్డ్. అడిగింది బెదిరింపు గురించి, చెప్పింది ఆదేశం గురించి. పాక్స్‌మన్ అదే ప్రశ్న డజను సార్లు వేశారు. తర్వాతి అంశం టేపు సిద్ధం కాలేదనీ, అందుకే సాగదీశాననీ ఆయనే తర్వాత చెప్పారు. అయినా ఆ ప్రశ్న అన్నిసార్లూ నిలబడింది. దానికి అవును, కాదు తప్ప మూడో దారి లేదు మరి. ‘బెదిరించారా, ఎందుకు?’ అని కలిపి అడిగి ఉంటే హోవర్డ్ ‘ఎందుకు’ పట్టుకుని హాయిగా సాగిపోయేవారు.

2008లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్‌ను సీబీఎస్ టీవీలో యాంకర్ కేటీ కూరిక్ ఏ పత్రికలు చదివేవారని అడిగారు. చాలావరకు చదివానన్నారు పేలిన్. ప్రత్యేకించి ఏవి? అన్నీ. కొన్ని పేర్లు చెబుతారా? కూరిక్ గొంతు పెంచలేదు. ప్రశ్నను చిన్నది చేస్తూ వెళ్లారు, అంతే. నాకు ఇదే ఎక్కువ పదునైన పద్ధతి అనిపిస్తుంది.

బ్రిటన్‌లో ప్రధాని బుధవారం బుధవారం కామన్స్ సభలో ప్రశ్నలు ఎదుర్కొంటారు. ఎదురుదాడి అక్కడి నాయకులకు అలవాటే. అమెరికా అధ్యక్షుడికి అలాంటి సభ లేదు, పైగా ఆయనే దేశాధినేత, అందుకే అక్కడ ప్రశ్నల్లో మర్యాద ఎక్కువ. బ్రిటన్ ప్రసార నియమావళి నిష్పాక్షికత కోరుతుంది కాబట్టి, అక్కడి యాంకర్ ఎదుటివాళ్ల ప్రత్యర్థి వాదాన్ని తన నోటితో వినిపిస్తాడు. 2019లో అమెరికా కన్సర్వేటివ్ వ్యాఖ్యాత బెన్ షపీరోకు ఇదే అర్థం కాలేదు. తనను ప్రశ్నిస్తున్న బీబీసీ యాంకర్, రైట్ వింగ్ మనిషిగా పేరున్న ఆండ్రూ నీల్‌ను వామపక్షీయుడనుకుని ఇంటర్వ్యూ మధ్యలో ముగించేశారు.

బ్రిటిష్ పద్ధతి చెడేది తొందరపాటుతో. మొదటి వాక్యం పూర్తికాకముందే అడ్డుపడితే ప్రేక్షకుల సానుభూతి అవతలికి పోతుంది. ఒక జవాబు పూర్తిగా విని, అందులో ఏది రాలేదో చెప్పి, అవే మాటలతో మళ్లీ అడగండి.

పాత మాటను తెరపై చూపించి నిలదీయడం అమెరికాలో టీవీ యాంకర్ టిమ్ రసర్ట్ బాగా వాడిన పద్ధతి. అది చెడేది కత్తిరింపుతో. ‘సందర్భం వేరు’ అన్నారంటే చేతిలో మొత్తం పేరా, తేదీ, వేదిక ఉండాలి. లేకపోతే ఆ అస్త్రం అక్కడే వృథా.