పాత శుభలేఖలు, నరసాపురం లేసు, క్రిస్మస్ ట్యాగులు

మరదలు: వదినా, మైకు ఆన్‌లోనే ఉంది. ముందు నీ చేతులెలా ఉన్నాయో చెప్పు.

వదిన: ఏం చెప్పను, గోళ్ల నిండా ఫెవికాలే. పొద్దున్నుంచి ట్యాగుల పనిలోనే ఉన్నాను.

మరదలు: క్రిస్మస్ కానుకలకి కట్టే ట్యాగులండీ. కొట్లో డజన్ల లెక్కన దొరుకుతాయిగా, ఎందుకీ తంటా?

వదిన: దొరుకుతాయి. అన్నిటి మీదా అదే శాంటా తాత, అదే నవ్వు. నాకు చూసి చూసి విసుగొచ్చింది.

మరదలు: మరి ఇవి మిక్స్‌డ్ మీడియా ట్యాగులన్నావు, అంటే? పేరు వింటేనే టెన్షన్.

వదిన: కాగితం, రంగు, గుడ్డ, దారం ఒకదాని మీద ఒకటి ఎక్కించడమే. అట్టకి నేను పాత శుభలేఖలు వాడతాను. మందంగా ఉంటాయి, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు కోసి, పై మూలలు రెండూ ఏటవాలుగా కత్తిరించి, వాటి మధ్యలో పంచింగ్ మెషీన్‌తో ఒక చిల్లు. దేవుడి బొమ్మ ఉన్న ముక్క మాత్రం కొయ్యను, తీసి పక్కన పెడతాను. పక్కింటివాళ్ల కార్డుకి మూల పసుపు రాసుంది చూడు, అది అలాగే ఉంచేశాను. తెల్ల రంగు పక్కన బంగారంలా మెరుస్తోంది.

మరదలు: నున్నటి కార్డు మీద రంగు నిలుస్తుందా?

వదిన: నిలవదు, ఎండాక పొట్టులా లేచిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, గెస్సో పల్చగా ఒక పూత వెయ్యాలి. ఆర్ట్ షాపుల్లో డబ్బాలో దొరికే తెల్ల ప్రైమర్ అది. దాని మీద తెలుగు అక్షరాలున్న కాగితం చింపి అంటిస్తాను. కత్తెర వద్దు, చింపిన అంచే అందం. ఇంక్‌జెట్ ప్రింటు మాత్రం వాడకండి, తడి తగిలితే అక్షరాలన్నీ అలుక్కుపోతాయి. జిరాక్స్ అయితే ఫర్వాలేదు.

మరదలు: ఆ లేసు సంగతి చెప్పవేం?

వదిన: ఆగు, వస్తున్నా. నరసాపురం లేసు ముక్క ఇది. మిషనరీల కాలం నుంచి మన గోదావరి ఆడవాళ్లు క్రోషే సూదితో అల్లుతున్నది. 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది దీనికి, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని ప్రభుత్వ గుర్తింపు.

మరదలు: దాన్ని నువ్వు నీ ట్యాగ్‌కి ఎక్కించావు.

వదిన: ఎక్కించలేదమ్మాయ్, అచ్చు తీశాను. లేసుని ట్యాగ్ మీద పరిచి, స్పాంజికి తెల్ల రంగు అద్ది, పాత పేపరు మీద రెండుసార్లు ఒత్తి, దాదాపు ఎండినట్టయ్యాక లేసు మీద తట్టాలి. రంగు ఎక్కువైతే కిందికి పాకి ముద్దైపోతుంది. లేసు మెల్లగా లేపితే... ఇదిగో.

మరదలు: అబ్బ! మంచు పువ్వులా ఉంది వదినా!

వదిన: నరసాపురంలో మంచు పడటం ఇలాగే. ఇక మెరుపుల పొడి నా గడప తొక్కకూడదు. ఒకసారి చల్లితే సంక్రాంతి దాకా అన్నంలో వస్తూనే ఉంటుంది.

మరదలు: పోయినేడాది ఏదో గొడవైందటగా?

వదిన: నలభై ట్యాగులు చేశాను, పేరు రాయడానికి చోటు మర్చిపోయాను. వెనక పెన్సిల్‌తో రాశాను, సంచిలో రాపిడికి చెరిగిపోయింది. మా బాబాయికి రంగు పెన్సిళ్లు వెళ్లాయి, సండే స్కూల్లో ఎనిమిదేళ్ల పిల్లాడికి చేతి రుమాళ్లు. వాడు తెరిచి నా వంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు ముందే కింద వేలెడు జాగా వదిలి, పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాశాకే మిగతా పని.

మరదలు: ఏదీ, నాది చూపించు. బాగుంది... ఒక్క నిమిషం. ఈ అంచు, ఈ పావురాలు... వదినా, ఇది నా పెళ్లి కార్డు!

వదిన: అత్తయ్యే అటక మీంచి తీసిచ్చారు. కట్టలు కట్టలు మిగిలాయట.

మరదలు: అమ్మా! ఎన్ని కోశారు?

వదిన: కొన్నేలే. వచ్చే క్రిస్మస్‌కి కూడా సరిపోతాయి.