మునగని ఓడల లెక్క: యుద్ధకాలంలో బ్రిటన్ నౌకలను ఎలా పంచుకుంది?

నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సముద్ర రవాణా గురించి ఎక్కడ చర్చ వచ్చినా, జర్మన్ జలాంతర్గాములు ఎన్ని ఓడలను ముంచాయన్న దగ్గరే మాట మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ లెక్క ముఖ్యమైనదే. కాని మునగకుండా మిగిలిన వేలాది ఓడలలో ఏది ఏ రేవుకు, ఏ సరుకు కోసం వెళ్లాలన్న నిర్ణయంపైనే కోట్లమంది తిండి ఆధారపడింది కనుక, దాన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

వరి కోతల రోజుల్లో ధాన్యం తోలే ట్రాక్టర్‌ను తలుచుకోండి. ట్రక్కులో ఎన్ని బస్తాలు పడతాయో తెలిసినంత మాత్రాన సాయంత్రానికి మిల్లుకు ఎంత ధాన్యం చేరుతుందో చెప్పలేము. పొలం ఎంత దూరం, మిల్లు ముందు ఎంతసేపు వేచి ఉండాలి, వెరసి రోజుకు ఎన్ని ట్రిప్పులు పడతాయన్నదే అసలు లెక్క.

(తెరపై ఆఫ్రికా పటం)

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగి మధ్యధరా సముద్రం ప్రమాదకరంగా మారగానే, ఈజిప్టులోని సైన్యానికి సరుకు మోసే ఓడలు ఆఫ్రికా ఖండం మొత్తాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. సుమారు 3,000 మైళ్ల దారి 12,000 మైళ్లయింది. ఒక్క ఓడ కూడా మునగకుండానే పొలం నాలుగు రెట్లు దూరం జరిగిపోయింది. కాన్వాయ్ పద్ధతిలో ఓడలన్నీ కలిసి నడవాలి కనుక, అన్ని ట్రాక్టర్లూ అన్నిటికంటే నెమ్మదైన దాని వెనకే కదిలినట్టయింది.

మిల్లు దగ్గరి పరిస్థితి ఇంకా కష్టం. 1940 శరత్కాలం నుంచి బాంబుదాడుల కారణంగా లండన్ వంటి తూర్పు తీరపు రేవులకు రావలసిన ఓడలను పడమటి వైపున్న లివర్‌పూల్, గ్లాస్గో, బ్రిస్టల్ ఛానల్ రేవులకు మళ్లిస్తే, అక్కడి గోదాములు, రైళ్లు, కూలీలు అంత సరుకుకు చాలలేదు. ప్రభుత్వం ప్రాంతీయ రేవు అధికారులను నియమించింది, గ్లాస్గో దగ్గరి క్లైడ్ నదిలో పెద్ద ఓడల సరుకును నేరుగా చిన్న తీర నౌకల్లోకి దింపించింది, ఏ రోజుకారోజు పని వెతుక్కునే రేవు కార్మికులకు స్థిరమైన ఉపాధి కల్పించింది. వందల ఓడలను కొద్దిరోజులు ముందుగా విడిపించడమంటే కొత్త ఓడలు సంపాదించుకోవడమే. ఆ పని చేసినవారికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

ఇక పంపకం సంగతి. 1939 అక్టోబరులో ఏర్పడిన నౌకా రవాణా శాఖ మొదట ప్రతి ప్రయాణానికీ లైసెన్సు తప్పనిసరి చేసి, తర్వాత ఓడలనే నిర్ణీత అద్దెకు స్వాధీనం చేసుకుంది. సిబ్బంది, నిర్వహణ యజమానుల చేతిలోనే ఉండగా, ఎక్కడికి పోవాలో మాత్రం ప్రభుత్వం చెప్పేది. 1941 మేలో ఇది రవాణా శాఖతో కలిసి యుద్ధ రవాణా శాఖ అయింది. బొగ్గు, నౌకా వ్యాపారాలలో ఆరితేరిన లార్డ్ లెదర్స్ దానికి మంత్రి అయ్యాడు. అయితే సైన్యానికి కావలసిన ఓడలు ముందే పక్కకు పోయేవి. మిగిలిన వాటి కోసం ఆహార శాఖ, సరఫరాల శాఖ పోటీపడేవి. గోధుమలా ఉక్కా అన్న తగవు తెగకపోతే మంత్రివర్గమే తేల్చేది. యుద్ధానికి ముందు ఏటా 5 కోట్ల టన్నులు దాటిన దిగుమతులు 1942లో 2.3 కోట్ల టన్నులకు పడిపోయాయి.

అందుకే దగ్గరి పొలాన్ని ఎంచుకున్నారు. ఆస్ట్రేలియాలో నిల్వలు ఉన్నా గోధుమలు ప్రధానంగా కెనడా నుంచి తెచ్చారు. పశువుల దాణా తగ్గించారు, మాంసాన్ని ఎముకలు తీసి ఎక్కించారు, డజను గుడ్లను ఒక చిన్న పొట్లంలో పట్టే పొడిగా మార్చారు. 1942లో గోధుమలో 85 శాతం పిండిగా మిగిలేలా మర పట్టడం తప్పనిసరి చేశారు.

సమయం తక్కువ కనుక అమెరికా గురించి క్లుప్తంగా చెబుతాను. 1942 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధ నౌకా రవాణా సంస్థ ఏర్పడింది, 1945 చివరికల్లా లిబర్టీ ఓడలనే ఒకే నమూనా సరుకు ఓడలు 2,710 తయారయ్యాయి. అయినా పసిఫిక్‌లో సైన్యాధికారులు చాలా ఓడలను సరుకు దించకుండా గోదాముల్లా నిలిపి ఉంచేవారు. ట్రక్కునే గాదెగా వాడుకుంటే ట్రిప్పులు ఎలా పడతాయి?

(తెరపై బంగాళాఖాతం)

చివరిగా, మన దేశం సంగతి. 1942లో బర్మా జపాన్ వశం కావడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి, బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి. 1943 జనవరిలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన దేశంలోని నిల్వలు తరుగుతున్నాయని హిందూ మహాసముద్రానికి వెళ్లే ఓడలను సగానికి పైగా కోసి, నెలకు 40కి కుదించాడు. అదే ఏడాది వచ్చిన బెంగాల్ కరవుకు కారణాలు అనేకం, మృతులు 30 లక్షల వరకు ఉంటారని అంచనా. ఆ ఆగస్టులో భారత ప్రభుత్వం 5 లక్షల టన్నుల ధాన్యం అడిగితే, లండన్‌లోని యుద్ధ మంత్రివర్గం ఓడల కొరత చూపి అంత ఇవ్వలేమంది. ఓడల కొరత అబద్ధం కాదు. కాని ఉన్న ఓడలను ముందు ఎవరికివ్వాలన్న వరుసలో బెంగాల్‌ను చివర నిలబెట్టారు. ఆ ఏడాది బ్రిటన్ దిగుమతులు తిరిగి పెరిగి 2.6 కోట్ల టన్నులు దాటాయి.