కర్నూలు పాతబస్తీ వీడియో గేమ్, కడప గేమ్ బాయ్: ఈ రెండూ కొనచ్చా?

నమస్తే అందరికీ. టేబుల్ మీద రెండు సరుకులున్నాయి, రెండూ సెకండ్ హ్యాండే. ఒకటి కర్నూలు పాతబస్తీలో పాత సామాన్ల అంగట్లో దొరికిన టీవీ వీడియో గేమ్, దాంతో పాటు కవర్ నిండా పసుపు క్యాసెట్లు. రెండోది కడపలో ఒకాయన ఇంట్లోంచి వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్, అంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్, అందులో పోకెమాన్ ఎమరాల్డ్ అనే ఆట క్యాసెట్. కామెంట్లలో చాలామంది "అన్నా, ఏ బ్రాండ్ కొనాలి" అని అడుగుతున్నారు కదా, నన్నడిగితే బ్రాండ్ పక్కన పెట్టండి, ముందు ఆ వస్తువు ఏ ఊర్లో, ఎవరింట్లో పెరిగిందో కనుక్కోండి, తర్వాత మూత విప్పి చూడండి, డబ్బు తీసేది ఆ తర్వాతే.

ముందు కర్నూలు సరుకు. అంగడి భాయ్ "ఒరిజినల్ నింటెండో, జపాన్‌ది" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఆయనకు అమ్మినవాళ్లు అలాగే చెప్పుంటారు. నింటెండో కంపెనీ వాళ్ల నిజమైన టీవీ గేమ్ పేరు ఫ్యామికామ్, అది 1983లో జపాన్‌లో వచ్చింది, ఎరుపు తెలుపు రంగు, రెండు కంట్రోలర్లూ బాక్స్‌కే ఫిక్స్ అయి ఉంటాయి, రెండోదాంట్లో స్టార్ట్ బటన్ ఉండదు, దాని బదులు చిన్న మైక్ ఉంటుంది. పైగా దాని బొమ్మ యాంటెన్నా వైర్ మీద జపాన్ ఛానెళ్లలోనే వచ్చేది, అడాప్టర్ కూడా వాళ్ల 100 వోల్టులది. అంటే అప్పట్లో ఎవరైనా దాన్ని మోసుకొచ్చి మన ఇంట్లో మామూలు టీవీకి తగిలిస్తే సరిగా ఆడేదే కాదు. మనం చిన్నప్పుడు ఆడిన మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి సెట్లన్నీ దాని నకళ్లు. మన దేశంలో వాడే పాల్ (PAL) రకం టీవీలకు సరిపోయేలా, పసుపు, తెలుపు ఏవీ పిన్నులతో వచ్చాయి కాబట్టే ఇంటింటికీ చేరాయి. నకలు అని ముఖం తిప్పుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది, మన ఊళ్ల వీడియో గేమ్ చరిత్ర అంటూ ఉంటే అది ఈ నకళ్లదే.

సరే, విప్పుదాం. కింద ఐదు ప్లస్ స్క్రూలు. ఇదిగో, దగ్గరగా పెడుతున్నాను చూడండి. ఒరిజినల్ బోర్డులో ప్రాసెసర్ వేరు, బొమ్మ గీసే చిప్ వేరు, రెండూ పెద్ద పెద్ద నల్ల చిప్పులుగా కనిపిస్తాయి. ఇక్కడ ఏముంది? అరచేతిలో పట్టే బోర్డు, మధ్యలో గుండ్రంగా నల్లటి జిగురు చుక్క, అంతే. మొత్తం కంప్యూటర్ ఆ చుక్క కిందే ఉంది. అది పోతే రిపేరు లేదు, మిగతాదంతా మనమే చేసుకోవచ్చు.

ఇప్పుడు కర్నూలు వాళ్లు మాత్రం గట్టిగా చూసుకోవాల్సింది ఈ మూల. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు పాతబస్తీలో ఎన్ని ఇళ్లు మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఇళ్లలో అటక మీద ఉన్నవి బతికాయి, మంచం కింద ఉన్నవి బురద తాగాయి. పైన ప్లాస్టిక్ కడిగి తళతళలాడేలా చేసి పెడతారు, కానీ స్క్రూ గుంతల్లో సన్నటి ఒండ్రు అలాగే ఉండిపోతుంది, సూదితో గీకితే రాలుతుంది. లోపల ఈ చిన్న రేకు డబ్బా తుప్పు పట్టిందా, క్యాసెట్ దిగే స్లాట్ పిన్నులు పచ్చగా మారాయా, ఇవి చూడండి. ఈ సెట్‌లో ఒండ్రు లేదు, రేకు శుభ్రంగా ఉంది. అటక మీది సరుకే అనుకుంటున్నాను.

అడాప్టర్ దగ్గర జాగ్రత్త. వీటిలో చాలావాటికి 9 వోల్టులే, కానీ మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది సెట్‌ను బట్టి మారుతుంది, సాకెట్ పక్కన గుర్తు ఉంటుంది. ఇంట్లో పడున్న రూటర్ అడాప్టర్ పట్టింది కదా అని గుచ్చితే లోపల భాగాలు కాలిపోవచ్చు.

క్యాసెట్లు. అన్నీ 60 పిన్నులవే. ఫ్యామికామ్‌నే అమెరికాలో ఎన్‌ఈఎస్ అనే పేరుతో అమ్మారు, దాని క్యాసెట్‌కి 72 ఉంటాయి, అది ఇందులో పట్టదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేముందు గుర్తుపెట్టుకోండి. "9999999 ఇన్ 1" అని రాసున్నదాన్ని ఆన్ చేశాను. పేజీలు పేజీలు తిప్పినా అవే ఆటలు, కాంట్రా ఒకచోట మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట మూడో లెవెల్ నుంచి, పేరు మాత్రం ప్రతిసారీ కొత్తది. అయినా మారియో ఉంది, రోడ్ ఫైటర్ ఉంది, మనం ట్యాంకుల ఆట అనే బ్యాటిల్ సిటీ ఉంది, ఇంకేం కావాలి. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లే తెలుసా, పొద్దున్నే మీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో దానికంటే పెద్దది.

ఆడకపోతే ఊదకండి. ఊదితే ఆడింది అనిపించేది క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడం వల్ల, ఊదినందువల్ల కాదు. నోటి తేమకు పిన్నులు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవిపుల్ల ముంచి తుడిస్తే, ఇదిగో, పుల్లకు ఎంత నలుపు అంటిందో చూడండి. రబ్బరుతో రుద్దేవాళ్లున్నారు, అది పిన్నుల పూత కూడా లేపేస్తుంది, వద్దు.

సెట్ ఐదు వందలు, క్యాసెట్ వంద చొప్పున. నా లెక్కలో న్యాయమైన ధరే.

ఇక కడప. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో మీకు తెలుసు. వాళ్లు తెచ్చే పెట్టెల్లో చాక్లెట్లు, దుప్పట్లు, సెంటు సీసాల మధ్య ఇలాంటివి కూడా వచ్చాయి, అందుకే ఒరిజినల్ కావాలంటే నేను ముందు అటు అడుగుతాను. ఈ గేమ్ బాయ్ అడ్వాన్స్ కూడా నాకు అమ్మినాయన వాళ్ల చిన్నాన్న తెచ్చిందే. 2001 మోడల్, స్క్రీన్‌కి వెలుగు ఉండదు, కిటికీ పక్కన కూర్చుని ఆడుకోవాలి, మన ఎండలకు అదేం లోటు కాదు. రెండు పెన్సిల్ సెల్స్ చాలు. సెల్స్ అరలో పాత సెల్ కారి తెల్లగా గడ్డకట్టింది, కొంచెం వెనిగర్‌తో తుడిస్తే పోయింది, స్ప్రింగ్ బాగానే ఉంది.

అసలు విలువంతా క్యాసెట్‌ది, నకళ్లు కుప్పలుగా ఉండేదీ ఇక్కడే. నింటెండో పేరు పెట్టిన కలెక్షన్ వస్తువు కాబట్టి ఇక్కడ మాత్రం నకలుకి నా దగ్గర జాలి లేదు. విప్పకుండానే చూసేవి రెండున్నాయి. కింద చీలికలోకి టార్చ్ వేయండి, బంగారు పిన్నుల పైన సన్నటి అక్షరాల్లో నింటెండో అని ఉండాలి, ఉంది. లేబుల్‌ని వెలుతురుకి వాలుగా పెట్టండి, రెండంకెల నంబర్ ఒకటి లోపలికి నొక్కినట్టు కనిపించాలి, ఇదిగో, కనిపిస్తోంది. ఆన్ చేయగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వచ్చింది. అమ్మినాయన అది చూసి చెడిపోయిందేమోనని టెన్షన్ పడి వెయ్యి తగ్గించాడు. ఆ బ్యాటరీ ఆటలో గడియారం కోసమే, మీరు ఆడి దాచుకున్న ఆట (సేవ్) దాని మీద ఆధారపడదు. 2005 ప్రాంతపు క్యాసెట్ ఇన్నేళ్ల తర్వాత ఆ మెసేజ్ చూపించడం మామూలే, కానీ దాన్నిబట్టే ఒరిజినల్ అనుకోకండి, నకళ్లలో చాలావాటికి అసలు బ్యాటరీయే ఉండదు, అవీ ఇదే మెసేజ్ చూపించొచ్చు. ఈ సంగతి ఆయనకు చెప్పేసి, తగ్గించిన వెయ్యీ తిరిగి ఇచ్చాను. గేమ్ బాయ్, క్యాసెట్ రెండూ కలిపి ఏడు వేలు అయింది, పోకెమాన్ మీద మోజు లేనివాళ్లకు ఇది దండగ ఖర్చు.

అనంతపురం వాళ్లు మాత్రం ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకి ఒక రౌండ్ వేయండి, గేమ్ బాయ్ విప్పే మూడు రెక్కల స్క్రూడ్రైవర్, పిన్నులు తుడిచే ఆల్కహాల్ లాంటివి అక్కడ వెతకడం తేలిక.

చాలామంది అడిగిన ఇంకో ముక్క, బాతుల ఆట తుపాకీ. ఎల్‌ఈడీ టీవీల మీద అది పనిచేయదు, తుపాకీ చెడిపోయి కాదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ క్షణం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వెలుగుతుంది, తుపాకీ మూతిలోని సెన్సార్ ఆ వెలుగును అదే క్షణంలో పట్టుకోవాలి. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, అప్పటికే ఆట "తప్పింది" అని లెక్క కట్టేస్తుంది. డబ్బా టీవీయే కావాలి. దాని వెనక మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ పీకేసినా ట్యూబ్‌లో కరెంటు నిలవుంటుంది.

తుపాకీ ఉన్న సెట్ ఒకటి కర్నూలు వన్ టౌన్‌లో చూసి పెట్టాను. పన్నెండు వందలు చెబుతున్నాడు, స్క్రూ మీద చెయ్యి వేయనివ్వడం లేదు. అందుకని అది ఇంకా వాళ్ల అంగట్లోనే ఉంది, కావాలంటే మీరు అడిగి చూడండి.